సగం కుర్చీలు సంఘస్తులవి

జూన్ నెల వచ్చిందంటే అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘాలకి కాన్ఫరెన్సు రోజులు. దేశం మొత్తం మీద అలాంటి ప్రాంతీయ కాన్ఫరెన్సులు సుమారు యాభై. కొన్ని ఒక రాష్ట్రమంత, కొన్ని రాష్ట్రంలో ఒక మూలంత, ఇంకొన్ని రెండు మూడు రాష్ట్రాలు కలిపినంత ఉంటాయి. ఏడాదికోసారి ఆ పరిధిలోని పాస్టర్లూ, సంఘాలు ఎన్నుకుని పంపిన సభ్యులూ ఏ యూనివర్సిటీ ఆడిటోరియంలోనో, కన్వెన్షన్ సెంటర్లోనో రెండు మూడు రోజులు కూర్చుంటారు. వేదిక మీద బిషప్. కింద కుర్చీలు. ఆ కుర్చీల్లో సగం పాస్టర్లవి, సగం సంఘస్తులవి. ఎవరో పెద్దమనసుతో ఇచ్చిన సగం కాదది, ఆ సంఘ రాజ్యాంగంలో రాసిపెట్టిన సగం.

డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడి, ఇంటి దగ్గరి యునైటెడ్ మెథడిస్టు సంఘంలో సభ్యత్వం తీసుకున్న తెలుగువాళ్లని ఏదో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పక్కకి పిలిచి, "ఈ ఏడాది కాన్ఫరెన్సుకి లే డెలిగేటుగా మీరు వెళ్తారా?" అని అడగొచ్చు. లే డెలిగేటంటే సంఘస్తుల తరఫున వెళ్లే ప్రతినిధి. చర్చి పని కాదనడం మనకి చేతకాదు గనక సరే అనేస్తాం. ఇంటికొచ్చాక మొదలవుతుంది అనుమానం: అక్కడికెళ్లి నేనేం చేయాలి? నా ఓటుకి విలువెంత? పాస్టర్లందరి మధ్య నా మాట ఎవరు వింటారు?

హైదరాబాదు, వికారాబాదు, జహీరాబాదు వైపు మెథడిస్టు కుటుంబాల్లో పుట్టినవాళ్లకి ఈ ఏర్పాటు పూర్తిగా కొత్తదేమీ కాదు. అమెరికా మిషనరీలు నాటిన మెథడిస్టు శాఖ 1981 జనవరిలో స్వతంత్రమై మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అయింది. దానిలో పన్నెండు రీజనల్ కాన్ఫరెన్సులు, అందులో హైదరాబాదు ఒకటి. మెదక్ వైపు కథ వేరు. అక్కడ పనిచేసింది బ్రిటిష్ వెస్లియన్ మిషను. పోస్నెట్ దొర కట్టించిన మెదక్ గుడి ప్రతిష్ఠ జరిగింది 1924 క్రిస్మస్ నాడు. 1947 సెప్టెంబర్ 27న ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయాయి. తెలంగాణలో "మా తాతలు మెథడిస్టులు" అనేవాళ్లు రెండు రకాలుగా ఉండటానికి కారణం ఇదే. ఈ కథనం అమెరికా కాన్ఫరెన్సు గురించి. హైదరాబాదు కాన్ఫరెన్సుకి తోబుట్టువే అయినా, నిబంధనల పుస్తకం వేరు.

కుర్చీ ఎలా లెక్కకడతారు

మొదట వదిలించుకోవాల్సిన భ్రమ ఒకటుంది. పెద్ద సంఘానికి ఎక్కువ ఓట్లు, చిన్న సంఘానికి తక్కువ ఓట్లు అనుకుంటాం. సభ్యుల సంఖ్యకీ ఇక్కడి సీట్లకీ నేరుగా సంబంధమే లేదు. లెక్క పాస్టర్లతో మొదలవుతుంది.

బిషప్ ఒక పాస్టరుకి అప్పగించే సంఘాన్ని, లేదా కొన్ని సంఘాల గుంపుని ఛార్జి అంటారు. మన పాస్టరేటు లాంటిదే. ఛార్జికి ఒక లే డెలిగేటు. ఆ ఛార్జిలో ముగ్గురు పాస్టర్లు నియమితులై ఉంటే ముగ్గురు డెలిగేట్లు. అంటే, పన్నెండు వందల మంది ఉన్న సంఘాన్ని ఒక్క పాస్టరు నడుపుతుంటే దానికి ఒక్క సీటే. అదే పన్నెండు వందల మందికి నలుగురు పాస్టర్లుంటే నాలుగు సీట్లు. ఇటు చూస్తే, మొక్కజొన్న చేల మధ్య నలభై మందితో, యాభై మందితో నడిచే మూడు పల్లె సంఘాలు ఒకే పాస్టరు కింద ఉంటే, మూడింటికీ కలిపి ఒక్కరే వెళ్తారు. ఏ సంఘం మనిషి వెళ్లాలన్నది ఆ మూడు సంఘాలూ తేల్చుకోవాల్సిన సంగతి.

ఇంతటితో లెక్క సరిపోదు. పాస్టర్ల పట్టికలో ప్రస్తుతం సంఘాలు నడుపుతున్నవాళ్లే కాదు, రిటైరైనవాళ్లూ ఉంటారు. ఆస్పత్రుల్లో, సైన్యంలో, కాలేజీల్లో సేవ చేసే పాస్టర్లూ, జిల్లా సూపరింటెండెంట్లూ ఉంటారు. వాళ్లందరికీ సభ్యత్వం ఉంది. కాబట్టి ఛార్జికొకరు చొప్పున సంఘస్తులు వస్తే పాస్టర్ల సంఖ్యకి చాలా దూరంలో ఆగిపోతారు. ఆ తేడా పూడ్చడానికి రాజ్యాంగమే దారి చూపింది. పాస్టర్లకంటే సంఘస్తులు తక్కువైతే, కాన్ఫరెన్సు తన సొంత సూత్రం ప్రకారం అదనపు లే డెలిగేట్లని ఎన్నుకునేలా చూడాలి.

ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక కాన్ఫరెన్సులో 400 ఛార్జీలు, వాటిలో 460 మంది పాస్టర్లు ఉన్నారనుకోండి. సంఘాల నుంచి వచ్చే డెలిగేట్లు 460. పాస్టర్ల పట్టికలో ఇంకో 300 మంది రిటైరైనవాళ్లు, 60 మంది ఇతర సేవల్లో ఉన్నవాళ్లు. మొత్తం 820. సంఘస్తుల వైపు హోదా రీత్యా వచ్చేవాళ్లు కొందరుంటారు: కాన్ఫరెన్సు లే లీడరు, జిల్లా లే లీడర్లు, మహిళా సంఘం, పురుషుల సంఘం అధ్యక్షులు, డీకనెస్‌లు, ఇంకా ప్రతి జిల్లా నుంచి 12–17 ఏళ్ల వయసువాళ్లు ఒకరు, 18–30 ఏళ్లవాళ్లు ఒకరు. వీళ్లంతా ఒక 40 మంది అనుకుంటే సంఘస్తులు 500. ఇంకా 320 కుర్చీలు ఖాళీ. అంటే సంఘస్తుల కుర్చీల్లో నూటికి 39 ఈ అదనపు సూత్రం మీద నిండాల్సినవే. ఆ సూత్రం పెద్ద సంఘాలకి రెండో సీటు ఇవ్వొచ్చు, జిల్లాల వారీగా పంచొచ్చు, యువతకో అల్పసంఖ్యాక సమూహాలకో కేటాయించొచ్చు. ఎవరి కాన్ఫరెన్సు పద్ధతి వాళ్లది.

ఈ లెక్కలో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. పాస్టరుగారు రిటైరైనా కుర్చీ వదలరు, ఆ కుర్చీ పక్కనే ఒక సంఘస్తుడికి ఇంకో కుర్చీ వేయిస్తారు. పాస్టర్ల జీవితకాలం పెరిగేకొద్దీ సంఘస్తుల సీట్లు పెరుగుతాయి. సంఘాల్లో జనం తగ్గుతున్నా కాన్ఫరెన్సు హాలు అంత తొందరగా పలచబడకపోవడానికి ఇదొక కారణం.

అర్హత లెక్క చిన్నదే. ఎన్నికకి ముందు రెండేళ్లు యునైటెడ్ మెథడిస్టు సభ్యత్వం, నాలుగేళ్లు సంఘ కార్యక్రమాల్లో పాల్గొని ఉండటం. ముప్ఫై ఏళ్లలోపు వాళ్లకి ఈ గడువుల నుంచి మినహాయింపు ఉంది, సభ్యత్వం ఉంటే చాలు. నిన్నగాక మొన్న హైదరాబాదు నుంచి దిగిన పెద్దవయసు కుటుంబీకుడు ఇక్కడ ఎంత చురుగ్గా ఉన్నా కొంతకాలం ఆగాల్సిందే. అదే ఊరి నుంచి వచ్చి పై చదువు చదువుతున్న అమ్మాయి, సభ్యత్వం తీసుకుంటే, వెంటనే వెళ్లొచ్చు. ఎన్నిక జరిగేది ఛార్జి కాన్ఫరెన్సులో, జిల్లా సూపరింటెండెంటు అధ్యక్షతన. కాలపరిమితి ఏడాదా, నాలుగేళ్లా అన్నది కాన్ఫరెన్సు నిర్ణయిస్తుంది. మీతో పాటు ప్రత్యామ్నాయ డెలిగేటునీ ఎన్నుకుంటారు. మీకు జ్వరమొస్తే వాళ్లు కూర్చుంటారు.

పదిమందితో మొదలై

మెథడిస్టుల మొదటి కాన్ఫరెన్సు 1744 జూన్ 25న లండన్‌లో, ఫౌండరీ అనే చోట జరిగింది. ఒకప్పుడు ఫిరంగులు పోతపోసిన కర్మాగారాన్ని మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ప్రార్థనాలయంగా మార్చుకున్నాడు. హాజరు పదిమంది: ఆరుగురు ఇంగ్లండు సంఘపు గురువులు, నలుగురు గురుపట్టం లేని బోధకులు. ఏం బోధించాలి, ఎలా బోధించాలి, ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలు వాళ్ల అజెండా. పదిలో నలుగురు గురువులు కాని వాళ్లే గనక మొదటి రోజు నుంచీ నలభై శాతం ప్రాతినిధ్యం ఉందని మురిసిపోవచ్చు. కానీ వాళ్లని పిలిచింది వెస్లీ, చివరి మాట కూడా వెస్లీదే. వాళ్లని ఏ సంఘమూ ఎన్నుకుని పంపలేదు.

అమెరికాలో మొదటి కాన్ఫరెన్సు 1773లో ఫిలడెల్ఫియాలో. మళ్లీ పదిమంది బోధకులే, వాళ్ల వెనక 1,160 మంది సభ్యులు. 1784 క్రిస్మస్ రోజుల్లో బాల్టిమోర్‌లో కూడి ప్రత్యేక సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘం వేలల్లోంచి లక్షల్లోకి పెరిగింది గానీ, ఓటు మాత్రం గుర్రాల మీద ఊరూరూ తిరిగే బోధకులదే. కానుకలు ఇచ్చేది సంఘస్తులు, గుడి కట్టేది సంఘస్తులు, బోధకుడికి భోజనం పెట్టేది సంఘస్తుల ఇంట్లో. నిర్ణయం మాత్రం వాళ్లది కాదు. ఇదేం న్యాయమని అడిగినవాళ్లలో కొందరిని వెలివేశారు కూడా. వాళ్లే 1830లో మెథడిస్ట్ ప్రొటెస్టెంట్ చర్చి పెట్టుకుని, సంఘస్తులకి సమాన ప్రాతినిధ్యం ఇచ్చుకున్నారు.

తల్లిసంఘానికి ఆ బుద్ధి కొంతైనా రావడానికి 42 ఏళ్లు పట్టింది. అన్ని ప్రాంతీయ కాన్ఫరెన్సుల ప్రతినిధులూ నాలుగేళ్లకోసారి కూడే జనరల్ కాన్ఫరెన్సులో 1872లో మొదటిసారి సంఘస్తులు కూర్చున్నారు. అది కూడా ఒక్కో ప్రాంతీయ కాన్ఫరెన్సు నుంచి గరిష్ఠంగా ఇద్దరు. సమాన సంఖ్య వచ్చింది 1900లో. ఈ మధ్యలో 1888లో ఐదుగురు స్త్రీలు డెలిగేట్లుగా ఎన్నికై వచ్చారు. మద్యనిషేధ ఉద్యమ నాయకురాలిగా అప్పటికే దేశమంతా తెలిసిన ఫ్రాన్సెస్ విలర్డ్ వాళ్లలో ఒకరు. ఎన్నికైనా సభ వాళ్లని కూర్చోనివ్వలేదు. సంఘస్తులు అంటే మగవాళ్లేనని తీర్మానించింది. స్త్రీలు కూర్చోగలిగింది 1904లో. ఇంగ్లండులో వెస్లియన్ కాన్ఫరెన్సు 1878లో పాస్టర్లకి 240, సంఘస్తులకి 240 సీట్లు పెట్టింది. అక్కడా ఆడవాళ్లు చాలాకాలం ఆగాల్సి వచ్చింది. మన మెదక్ ప్రాంతానికి మిషనరీలని పంపిన సంఘం అదే.

హాల్లోకి వెళ్లాక

ఓటర్లు కూర్చునే చోటుకి హద్దు గీసి ఉంటుంది. దాన్ని కాన్ఫరెన్సు బార్ అంటారు. మెడలో బ్యాడ్జి ఉన్నవాళ్లే ఆ గీత లోపల కూర్చుని ఓటేయాలి. టీ తాగడానికి బయటికెళ్లి, తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తితే చెల్లదు. పాస్టరుగారు, మీరు, మీ సంఘం వాళ్లు పక్కపక్కనే కూర్చోవచ్చు. కానీ మీ ఓటు ఆయన ఓటుకి తోక కాదు. ఇంకో సంగతి, దీన్ని కొత్తగా వెళ్లేవాళ్లు చాలామంది ఊహించరు: మీ సంఘం "ఫలానా తీర్మానానికి వ్యతిరేకంగా ఓటెయ్యండి" అని చెప్పి పంపినా, దానికి మీరు కట్టుబడాల్సిన నిర్బంధం లేదు. చర్చ విని, మనస్సాక్షి ప్రకారం వేయొచ్చు. తిరిగొచ్చాక ఎందుకలా వేశారో చెప్పుకోవాల్సి రావడం వేరే విషయం.

బిషప్ సభ నడిపిస్తారు, ఓటు లేదు. అధికారం మాత్రం తక్కువేమీ కాదు, పాస్టర్లని ఎక్కడ నియమించాలన్నది బిషప్ చేతిలోనే ఉంటుంది. జిల్లా సూపరింటెండెంట్లతో సంప్రదించి నిర్ణయిస్తారు. నియామకాలు ఏడాదికోసారి ఖరారవుతాయి. ఆ జాబితా సభలో ప్రకటించేటప్పుడు హాలంతా చెవులు రిక్కించి వింటుంది గానీ, దాని మీద ఓటింగు ఉండదు. "మా అయ్యగారిని మార్చొద్దు" అని చెప్పుకోవాల్సిన చోటు కాన్ఫరెన్సు మైకు కాదు. సొంత సంఘంలోనే పాస్టరు, సంఘం సంబంధాలు చూసే కమిటీ ఒకటుంటుంది, ఆ మాట నెలల ముందే అక్కడ పడాలి. హైదరాబాదైనా హ్యూస్టనైనా ట్రాన్స్‌ఫర్ల కాలంలో ఉత్కంఠ ఒకటే.

సంఘస్తులకి తలుపు మూసి ఉండే సభ ఒకటే, పాస్టర్ల సెషన్. ఎవరికి ఆర్డినేషన్ ఇవ్వాలి, ఎవరి ప్రవర్తన ఎలా ఉంది, ఎవరు రిటైరవుతున్నారు అన్నవి అక్కడ తేలతాయి. దానికీ చిన్న కిటికీ ఉంది. అభ్యర్థులని పరీక్షించే బోర్డులో కనీసం ఐదో వంతు సంఘస్తులు ఉండాలి. ఆ బోర్డులో ఉన్న సంఘస్తులు పాస్టర్ల సెషన్లో కూర్చుని ఓటేయొచ్చు. ఆర్డినేషన్‌కి ముందు అభ్యర్థులని బిషప్ అందరి ఎదుటా పందొమ్మిది ప్రశ్నలు అడుగుతారు. వెస్లీ కాలం నుంచి వస్తున్నవి. వాటిలో ఒకటి, పనికి అడ్డొచ్చేంత అప్పులున్నాయా అని. సెమినరీ చదువుకి తెచ్చిన అప్పు తలమీద ఉన్న కుర్రాళ్లు ఆ ప్రశ్నకి జవాబు చెప్పే తీరు వినదగ్గది.

మాట్లాడే సమయం మూడు నిమిషాలో, రెండు నిమిషాలో, కాన్ఫరెన్సు నిబంధనల్లో ఉంటుంది. అనుకూలంగా ఇన్ని, వ్యతిరేకంగా ఇన్ని ప్రసంగాలని హద్దూ ఉంటుంది. ఇంగ్లీషు మనకి రెండో భాష గదా అని వెనకాడేవాళ్లు ఆ మూడు నిమిషాల మాట ముందురోజు రాత్రే రాసుకుని చదివేస్తే సరిపోతుంది. అక్కడ చాలామంది చేసేది అదే.

చర్చ లేకుండా దాటిపోయేవి

కానీ నన్నడిగితే మైకు దగ్గర కంటే ఇంటిదగ్గరే డెలిగేటు పని ఎక్కువ. కాన్ఫరెన్సుకి కొన్ని వారాల ముందు నివేదికలు, తీర్మానాలు, బడ్జెట్, కమిటీల నామినేషన్లు కలిపి ఒక పుస్తకం వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా ఫైలుగా. వివాదం లేదనుకున్న అంశాలని కట్టగా కట్టి కన్సెంట్ కేలండర్లో పెడతారు. ఒక్క ఓటుతో కట్ట మొత్తం నెగ్గుతుంది. చదవని డెలిగేటు ఆ ఓటు దేనికి వేశాడో అతనికే తెలియదు.

అందులో చిన్నచిన్న విషయాలే ఉంటాయనుకోవద్దు. స్వలింగ సంపర్కులు పాస్టర్లు కాకూడదన్న నిషేధం 1984లో పెట్టారు. నలభై ఏళ్లపాటు ప్రతి జనరల్ కాన్ఫరెన్సులోనూ దాని మీద గొంతులు బొంగురుపోయేలా వాదించుకున్నారు. 2024 మే 1న షార్లెట్ నగరంలో అది పోయింది. ఎలా? కన్సెంట్ కేలండర్లో, చర్చ లేకుండా, 692–51 ఓట్లతో. దాన్ని సమర్థించేవాళ్లకైనా, బాధపడేవాళ్లకైనా ఆ తేలిక ఆశ్చర్యమే. అయితే అది ఆ రోజు తేలింది కాదు. ఆ సభలో ఎవరు కూర్చోవాలన్నది ఐదేళ్ల ముందే ప్రాంతీయ కాన్ఫరెన్సుల్లో తేలిపోయింది.

ఇరవై ఎనిమిది మంది

ప్రాంతీయ కాన్ఫరెన్సుకి ఉన్న అతి పెద్ద ఓటు ఇదే. నాలుగేళ్లకోసారి జరిగే జనరల్ కాన్ఫరెన్సుకి ప్రతినిధులని పంపడం. ఆ సభలో సంఖ్య 600 కి తగ్గకూడదు, 1,000 కి మించకూడదని రాజ్యాంగం. 2024 సభకి 862 స్థానాలు, అందులో 482 అమెరికావి, మిగతా చాలావరకు ఆఫ్రికా, ఫిలిప్పీన్స్, యూరప్‌లవి. సగం పాస్టర్లు, సగం సంఘస్తులు. పాస్టర్లని పాస్టర్లే ఎన్నుకుంటారు, సంఘస్తులని సంఘస్తులే. బ్యాలెట్ మీద బ్యాలెట్ నడుస్తుంది. మెజారిటీ వచ్చినవాళ్లు గెలిచి పక్కకి తప్పుకుంటారు, మిగతావాళ్లకి మళ్లీ ఓటింగు. మధ్యలో కీర్తనలు పాడుకుంటూ, నివేదికలు వింటూ ఫలితం కోసం ఆగుతారు. కొత్తవాళ్లకి విసుగనిపించేది ఈ ఘట్టమే.

ఆ విసుగు విలువెంతో 2019 ఫిబ్రవరి చెప్పింది. సెయింట్ లూయిస్‌లో ప్రత్యేక జనరల్ కాన్ఫరెన్సు. వివాహం మీద, ఆర్డినేషన్ మీద పాత నిషేధాలని కఠినం చేసే ట్రెడిషనల్ ప్లాన్ 438–384 తో నెగ్గింది. తేడా 54. ఇరవై ఎనిమిది మంది అటు నుంచి ఇటు మారి ఉంటే 410–412 అయ్యేది, ప్లాన్ ఓడిపోయేది. ప్రపంచవ్యాప్త సంఘం దారి మళ్లింది ఇరవై ఎనిమిది కుర్చీల దగ్గర. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లు ఆ సభ కోసం ఎన్నికైనవాళ్లు కూడా కాదు. 2016 సభకి, ఆ ముందటి కాన్ఫరెన్సుల్లో ఎన్నుకున్నవాళ్లే మళ్లీ కూర్చున్నారు. ఆ వేసవుల్లో మూడో బ్యాలెట్టప్పుడు కాఫీకి వెళ్లిపోయిన లే డెలిగేట్లు ఎంతమందో!

విడిపోయినప్పటి లెక్కలు

2019 సభ ఇంకో తలుపు కూడా తెరిచింది. సంఘాలు ఆస్తితో సహా బయటికెళ్లడానికి 2023 డిసెంబర్ 31 వరకు గడువిచ్చే ఒక పేరా, సంఖ్య 2553. దానికి రెండు మెట్లు. మొదట స్థానిక సంఘంలో హాజరై ఓటేసిన సభ్యుల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. తర్వాత ప్రాంతీయ కాన్ఫరెన్సులో సాధారణ మెజారిటీ ఒప్పుకోవాలి. వెళ్లే సంఘం కాన్ఫరెన్సు ఖర్చుకి కట్టే వాటా సొమ్ము రెండేళ్లదీ, దానితో పాటు పాస్టర్ల పెన్షన్ బాధ్యతలో తన వంతు కట్టాలి.

2022 డిసెంబర్ 3, శనివారం. టెక్సాస్‌లో రెండు కాన్ఫరెన్సులు ప్రత్యేకంగా కూడాయి. హ్యూస్టన్ కేంద్రంగా ఉన్నది 294 సంఘాలకి, లబ్బాక్ కేంద్రంగా ఉన్నది 145 సంఘాలకి సెలవిచ్చాయి. ఒక్కరోజున, ఒక్క రాష్ట్రంలో 439. మరుసటి ఏడాది నవంబర్లో ఉత్తర జార్జియా కాన్ఫరెన్సు 261 సంఘాలని సాగనంపింది. తలుపు మూసేసరికి అమెరికాలో మొత్తం 7,600కి పైగా సంఘాలు వెళ్లిపోయాయి. 2019లో ఉన్న ముప్ఫై వేల పైచిలుకు సంఘాల్లో ఇది నాలుగో వంతు. ఆ ఓటింగుల్లో లే డెలిగేట్లు తమకి తెలియని ఊళ్ల సంఘాల గురించి, తమ వియ్యంకులున్న సంఘాల గురించి, కొన్నిచోట్ల తమ సొంత సంఘం గురించి కూడా అవునో కాదో నొక్కాల్సి వచ్చింది. ప్రపంచంలో ఏ సంఘ చరిత్రలోనైనా మామూలు సభ్యుల మీద ఇంత బరువు ఎప్పుడోగాని పడదు.

రాజ్యాంగ సవరణల బరువు ఇంకో రకం. జనరల్ కాన్ఫరెన్సులో మూడింట రెండొంతులు నెగ్గాక, సవరణ అన్ని ప్రాంతీయ కాన్ఫరెన్సులకీ వెళ్తుంది. అక్కడ ఎన్ని కాన్ఫరెన్సులు ఒప్పుకున్నాయని చూడరు. ప్రపంచం మొత్తం మీద పడిన ఓట్లన్నీ ఒకే కుప్పగా పోసి లెక్కపెడతారు, అందులో మూడింట రెండొంతులు రావాలి. కాన్సస్‌లో కూర్చున్న రైతు ఓటు, కాంగోలో కూర్చున్న టీచరమ్మ ఓటు ఒకే కుప్పలో, ఒకే విలువతో పడతాయి. స్త్రీపురుష సమానత్వం మీద ఒక సవరణ 2018లో వచ్చిన ఫలితాల్లో 31,304 ఓట్లు తెచ్చుకుంది, వ్యతిరేకంగా 19,753. 61.3 శాతం. మామూలు ఎన్నికల్లో ఘనవిజయం, ఇక్కడ ఓటమి. తీరా చూస్తే డెలిగేట్లకి పంపిన పాఠంలోనే పొరపాటుంది. జనరల్ కాన్ఫరెన్సు తీసేసిన వాక్యం ఒకటి అందులో ఉండిపోయింది. మళ్లీ ఓటింగు పెట్టాల్సి వచ్చింది. పుస్తకం చదవమని ఊరికే అనలేదు.

2024లో వచ్చిన ప్రాంతీయీకరణ సవరణ కథ తేలిగ్గా నడిచింది. అమెరికాతో సహా ప్రతి ప్రాంతం తన పరిస్థితులకి తగ్గట్టు కొన్ని నియమాలు మార్చుకోవచ్చన్నది దాని సారాంశం. జనరల్ కాన్ఫరెన్సులో 586–164, అంటే 78 శాతం. 2025లో కాన్ఫరెన్సుల ఓట్లన్నీ కలిపితే 34,148–3,124, అంటే 91 శాతం దాటింది. 2018 నాటి కుప్పలో 51 వేల ఓట్లు, 2025 కుప్పలో 37 వేలు. ఆ పద్నాలుగు వేల తేడా అంతా విడిపోయినవాళ్లదేనని ఖాయంగా చెప్పలేం గానీ, కుర్చీలు తగ్గాయన్నది మాత్రం స్పష్టం.

డబ్బు సంగతి

బడ్జెట్ వచ్చినప్పుడు హాల్లో నిద్ర పడుతుంది, అదేంటో. నిజానికి సంఘస్తుల చేతికి నేరుగా పగ్గాలున్నది అక్కడే. కాన్ఫరెన్సు ఆర్థిక మండలిలో పాస్టర్లకంటే కనీసం ఒక సంఘస్తుడు ఎక్కువ ఉండాలని నియమం. కాన్ఫరెన్సు ఖర్చు సంఘాల మీద వాటాలుగా పడుతుంది. ఏ సూత్రంతో వేస్తారన్నది కాన్ఫరెన్సు ఆమోదిస్తుంది. మీ సంఘం వాటా ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఆ సూత్రం చూడాలి. జనాభా మీద వేశారా, ఖర్చు మీద వేశారా, ఆదాయం మీద వేశారా? భవనం రిపేరుకి ఒక ఏడాది ఎక్కువ ఖర్చు పెట్టిన సంఘం, ఖర్చు ఆధారంగా వేసే చోట మరుసటి ఏడాది ఎక్కువ వాటా కట్టాల్సి రావొచ్చు. అడగాల్సిన ప్రశ్న అది.

పై స్థాయి లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. ప్రపంచ సంఘానికి 2017–2020 నాలుగేళ్ల బడ్జెట్ 60 కోట్ల డాలర్ల పైమాట. 2025–2028కి ఆమోదించింది సుమారు 37 కోట్లు. మూడో వంతు కంటే ఎక్కువ కోత. దాని ప్రభావం బిషప్‌ల సంఖ్య మీదా, పై స్థాయి సంస్థల ఉద్యోగాల మీదా పడింది. పక్కపక్క కాన్ఫరెన్సులు కలిసిపోవడానికి సంఘాలు తగ్గడంతో పాటు ఈ కోత కూడా తోడైంది.

డెలిగేటుకి ఉన్న ఇంకో హక్కు చాలామందికి తెలియదు. సభలో జరుగుతున్నది సంఘ చట్టానికి విరుద్ధమనిపిస్తే, పాస్టరే కానక్కర్లేదు, మీరే లిఖితపూర్వకంగా బిషప్‌ని చట్ట నిర్ణయం అడగొచ్చు. బిషప్ ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు అంతటితో ఆగదు, సంఘపు అత్యున్నత న్యాయస్థానమైన, తొమ్మిదిమంది ఉండే జ్యుడిషియల్ కౌన్సిల్ ముందుకి దానంతటదే వెళ్తుంది. ఓటు లేని బిషప్‌ని, ఓటున్న మామూలు మనిషి ఒక కాగితంతో కట్టడి చేయగల చోటు అది. ఊరికే తమాషాకి వాడితే సభకి చిరాకు, అవసరమైనప్పుడు వాడకపోతే ఆ హక్కు ఎందుకు?

ప్రయాణం, బస ఖర్చులు చాలా చోట్ల పంపిన సంఘమే భరిస్తుంది, ముందే అడిగి తెలుసుకోండి. కన్వెన్షన్ సెంటర్ల ఏసీ జూన్‌లో కూడా వణికిస్తుంది, స్వెటర్ మరవొద్దు.

తిరిగొచ్చాక పాస్టరుగారూ మీరూ కలిసి కాన్ఫరెన్సు నిర్ణయాలని సంఘానికి నివేదించాలి. గడువు మూడు నెలలు. ఆ నివేదికలో బిషప్ ప్రసంగం ఎంత బాగుందో చెప్పడం తేలిక. వాటా ఎంత మారింది, ఏ తీర్మానానికి మీరు ఎటు ఓటేశారు, ఏ సంఘాలు మూతపడ్డాయి అన్నది చెప్పండి. ఆ తర్వాత కాన్ఫరెన్సు వారి వార్షిక గ్రంథం వస్తుంది. దాని వెనక పేజీల్లో ప్రతి సంఘానికీ ఒక వరుస ఉంటుంది: సభ్యులెందరు, ఆదివారం హాజరెంత, బాప్తిస్మాలెన్ని, వాటాలో కట్టిందెంత. మీ సంఘం వరుస చూశాక, అదే జిల్లాలో మీ అంతే ఉన్న ఇంకో నాలుగు సంఘాల వరుసలు కూడా చూడండి. వచ్చే జూన్‌లో ఏం అడగాలో అక్కడే దొరుకుతుంది.